శాసనసభా సింహానికి సన్మాన పత్రం

థామస్ గెరిటీ మీద ములింగార్ అనే ఐరిష్ ఊరి లైబ్రరీలో ఉన్న ఎనిమిది పుస్తకాలూ చదివేశానని గిడియన్ ఊరంతా చెప్పుకున్నాడు. నిజానికి అక్కడున్నది ఒక్క కాగితం. అందులోనూ అతను చదివింది ఒక వైపే.

థామస్ ఈ ఊళ్లోనే పుట్టాడట. రెండు వందల ఏళ్ల కిందట అమెరికా వెళ్లి, డెలావేర్‌లో పిండిమర పెట్టి, అక్కడి రాష్ట్ర శాసనసభకు గెలిచాడట. ఆ వైపు ఉన్నది అంతే.

ఆ కాస్తతోనే గిడియన్‌కు పెద్ద పని పడింది. థామస్ వంశంలో మిగిలిన నోరా గెరిటీ దగ్గరే చర్చి హాలు తాళాలున్నాయి. తెలుగువాళ్ల క్రిస్మస్ ఆరాధనకు ఆ హాలు కావాలి. కానీ అది 2005. ఊళ్లో గడ్డికంటే ఇళ్లే జోరుగా మొలుస్తున్నాయి. ఇళ్లమ్మే ఆఫీసు పెట్టుకుంటానని ఒక బిల్డరు కూడా అదే హాలు అడిగాడు.

"ఆవిడకి సన్మానం చేద్దాం అక్కా. శాలువా, పత్రం, అన్నీ పద్ధతిగా."

ఆస్పత్రిలో నర్సుగా చేసే కృపావతి తమ్ముణ్ని అనుమానంగా చూసింది. "పత్రంలో ఉన్నదే రాయరా బాబూ."

"ఉన్నదే రాస్తే సన్మాన పత్రం ఎందుకవుతుందే? చార్జిషీటవుతుంది."

ఆదివారం హాల్లో, కాశ్మీరు నుంచి ప్రత్యేకంగా తెప్పించామని చెప్పి నోరాకు శాలువా కప్పారు. నవంబరు చలికి ఆవిడ దాన్ని చెవులదాకా లాక్కుని "గ్రాండ్" అంది. గిడియన్ గొంతు సవరించుకుని ఇంగ్లీషులో అందుకున్నాడు. శాసనసభా సింహం థామస్ గారు సభలో పద్దెనిమిది గంటలు ఏకధాటిగా ప్రసంగించారు. వింటూ వింటూ స్పీకరుకు గడ్డం పెరిగింది. ఆయన మరలో ఆడిన పిండితో చేసిన రొట్టె తిని ఒక ముసలాయన చేతికర్ర పారేసి పరుగెత్తాడు. ఆ కర్ర ఇప్పటికీ దొరకలేదు.

నోరా కళ్లు తుడుచుకుంది. ఆనందబాష్పాలేనని గిడియన్ అనుకున్నాడు.

"ఆ పద్దెనిమిది గంటలూ ఏ పుస్తకంలో ఉన్నాయి గిడియన్?"

"మూడో పుస్తకంలో, మిసెస్ గెరిటీ."

ఆవిడ చేతిసంచీలోంచి ఒక కాగితం తీసింది. "లైబ్రరీలో ఉన్నది ఇదొక్కటే. టైపు చేసింది నేనే. వెనక్కి తిప్పి పైకి చదువు."

గిడియన్ తిప్పాడు. "థామస్ మూడేళ్లలో సభలో ఒక్కసారే మాట్లాడాడు. కిటికీ మూయమన్నాడు. ఎవరూ మూయలేదు. మళ్లీ పోటీచేస్తే పదకొండు ఓట్లొచ్చాయి..."

"ఎనిమిది పుస్తకాల్లో ఇది తగల్లేదేంట్రా?" వెనకనుంచి కృపావతి తెలుగులో గిల్లింది.

నోరా తాళాల గుత్తి ఆడించింది. "బిల్డరు కూడా మా థామస్‌ని మహానుభావుడనే అన్నాడు. అతనూ కాగితం వెనక్కి తిప్పలేదు. మీ ఇద్దరిలో ముందు నిజం చెప్పినవాళ్లకే హాలు."

"నేనూ ఒక వైపే చదివాను," అన్నాడు గిడియన్. "గడ్డం నేనే పెంచాను. కర్ర నేనే పారేయించాను. పద్దెనిమిది గంటలు మాత్రం మా పాస్టరుగారి ప్రసంగం లెక్క. కాస్తే పెంచాను."

"ఇంకేమైనా మిగిలిందా?"

గిడియన్ తాళాలవైపు చూశాడు. తర్వాత ఆవిడ భుజాలవైపు చూశాడు.

"ఆ శాలువా... ఇక్కడే బ్లాంచర్డ్స్‌టౌన్‌ బజారులో కొన్న టేబుల్‌క్లాత్."

నోరా దాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుని, తాళాలు కృపావతి చేతిలో పెట్టింది.