పదో బోరు

పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిన అశ్వితకు ఏడాదిగా అందరూ ఒకటే మాట చెబుతున్నారు: అనుభవం ఉంటే రండి. ఉద్యోగమే ఇవ్వకుండా అనుభవం ఎక్కడ దొరుకుతుందో ఆ పెద్దమనుషులే చెప్పాలి. చివరికి ఆత్మకూరులో భూగర్భజలాల సర్వే చేసే ఒక చిన్న ఆఫీసు ఆమెను వెంటనే కాదనలేదు. అక్కడి సైమన్ సారు నీళ్ల లోతు కొలిచే ఒక టేపూ, పది ఫారాలూ చేతికిచ్చాడు.

"మర్రిపాడు మండలంలో పది బోర్లు కొలుచుకోని రామ్మా. రైతు చెప్పింది ఒక గడిలో, టేపు చెప్పింది ఇంకో గడిలో రాయి. కింద రైతు సంతకం ఉండాల. శుక్రవారం సాయంత్రానికి పదీ తెస్తే ఉద్యోగం నీదే."

శుక్రవారం మధ్యాహ్నానికి తొమ్మిది పూర్తయ్యాయి. అయితే ఒక సంగతి మాత్రం అశ్వితకు అంతుపట్టలేదు. బోరులో నీళ్లు లేవని మొత్తుకున్న వాళ్లే, ఆమె ఆ చుట్టుపక్కల పేరున్న ఉదయగిరి కొండయ్య మనవరాలని తెలియగానే మాట మార్చేసేవారు. బోరు పొంగిపొర్లుతోందనేవారు. వెంటనే కాఫీ వచ్చేది. టేపు ఏం చెప్పిందో చూడకుండానే సంతకాలు పెట్టేశారు.

పదో బోరు దేవకమ్మది. ఆవిడ అశ్వితను కుర్చీలో కూర్చోబెట్టి, జంతికలు పెట్టి, ముప్పైకి దగ్గర పడిన కొడుకు పవన్‌కు ఇస్త్రీ చొక్కా వేయించి మరీ పిలిచింది.

"తొంభై అడుగుల్లోనే నీళ్లుండాయమ్మా. ఎండాకాలంలో గూడా తగ్గవు. రాసుకో."

అశ్విత రాసుకుంది. పవన్ బోరు మూత విప్పాడు. నీళ్లు తగిలితే టేపు కుయ్యిమనాలి. తొంభై దాటింది, రెండు వందలు దాటింది, టేపు పలకలేదు. పాడయిందేమో అనుకుంటూనే ఇంకా కిందికి వదిలింది. మూడు వందల నలభై దగ్గర కుయ్యిమంది.

దేవకమ్మ ముఖం మాడిపోయింది. "ఈ మాట మీ తాతకు చెప్పబాకమ్మా."

"మా తాతకెందుకు చెప్తాను ఆంటీ?"

"సంబంధానికే గదా వచ్చినావు? పిల్లనిచ్చేవాళ్లు ముందు అడిగేది బోరు సంగతే గదా. మీ తాత గట్టోడు, నిన్నే పంపించినాడనుకున్నా."

అన్ని ఇళ్లలో కాఫీ ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. అశ్వితకు నవ్వొచ్చింది, ఆ వెనకే సిగ్గేసింది. పెళ్లి మాటే లేదని, ఇది తన మొదటి ఉద్యోగం కోసమని చెప్పింది.

దేవకమ్మ జంతికల పళ్లెం పక్కకు జరిపింది. "అయితే రెండో గడిలో గూడా తొంభై రాయి తల్లీ. నీళ్లు లేవనే మూడు సంబంధాలు ఎనక్కి పోయినాయి. అట్ట రాస్తేనే మావోడు సంతకం పెడతాడు."

తొంభై రాస్తే ఉద్యోగం వస్తుంది, కానీ మొదటి పనే అబద్ధమవుతుంది. నిజం రాస్తే సంతకం రాదు. ఇంకో బోరు వెతకడానికి పొద్దు లేదు. పైగా ఈవిడ అడిగిందాంట్లో అంత తప్పేముంది? ఏదీ తేలక అశ్విత చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. చివరికి మూడు వందల నలభై అని రాసింది. ధైర్యంతో రాసిందో మొండితనంతో రాసిందో ఆమెకే తెలియలేదు. తలెత్తకుండా కాగితం పవన్‌కు అందించింది.

అతను ఆ అంకె చూశాడు. తల్లి వద్దంటున్నా పెన్ను తీసుకున్నాడు.

"వచ్చే పిల్ల తెలిసే రావాల గదమ్మా," అని సంతకం పెట్టేశాడు.

ఉద్యోగం చేతికి వచ్చినట్టే. కానీ అశ్వితకు సంతోషం రాలేదు. ఈ అంకె నాలుగో సంబంధాన్ని కూడా వెనక్కి పంపుతుందేమో. ఫారం సంచిలో పెట్టుకుని లేచింది.

దేవకమ్మ గుమ్మం దాకా వచ్చింది. "ఈ కాయితం ఎవురెవురు చూస్తారమ్మా?"

అశ్విత సంచిలోని ఫారాల వైపు చూసింది. పది ఇళ్ల తలుపులు తట్టింది గానీ, సైమన్ సారును ఈ మాట అడగాలని ఆమెకు ఒక్కసారి కూడా తోచలేదు.

"తెలీదు ఆంటీ," అంది.