సగం కొరికిన బుడ్డిదుంప

నేను ఒక మొక్కల ప్రెస్సును. రెండు టేకు జాలీ పలకలు, రెండు నవారు పట్టీలు, వాటికి బకిల్సులు, అంతే నేను. పలకల మధ్య పాత న్యూస్‌పేపర్లు వేసి, వాటిలో మొక్కను పరిచి, పట్టీలు బిగించి వారం పది రోజులు వదిలేస్తే తడంతా పోయి మొక్క కాగితంలా తయారవుతుంది. దాన్ని అట్టకు అంటించి, పేరూ ఊరూ తారీఖూ చీటీ మీద రాసి బీరువాలో పెడితే వందేళ్లయినా చెక్కుచెదరదు. బతికున్న మొక్కల సంగతి మాత్రం నన్నడక్కండి, అది నా శాఖ కాదు.

నన్ను చేసినవాడు విజయనగరంలో పైడయ్య అనే వడ్రంగి. ఎవరింటి గుమ్మానికో వాడగా మిగిలిన ముక్కలతో చేశాడు. కాలేజీవాళ్లు గీసిచ్చిన బొమ్మ చూసి నన్ను అప్పడాలు ఆరబెట్టే సరంజామా అనుకున్నాడు. కాదు, గడ్డీ గాదం ఎండబెట్టడానికని చెబితే, "గడ్డి ఎండడానికి టేకెందుకు బాబూ, ఎండ సాలదా?" అన్నాడు. కాలేజీవాళ్లు డబ్బులిచ్చి నన్ను పట్టుకుపోయారు. ఆ ప్రశ్న మీద నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ఒక జూనియర్ కాలేజీ బోటనీ ల్యాబులో ఇరవై ఆరేళ్లు ఉన్నాను. ఏటా పిల్లలు ప్రహరీగోడ పక్కన మొలిచిన గడ్డిచామంతి, తుమ్మి, ఉత్తరేణి పీకి తెచ్చి నాలో పెట్టేవారు. ఆ మాత్రం ఓపిక లేనివాళ్లు సీనియర్ల దగ్గర మొక్క అంటించి ఉన్న షీట్లు పుచ్చుకుని చీటీ మాత్రం మార్చి అంటించేవారు. ఒకే ఉత్తరేణి కొమ్మ ఏడుగురిని పాస్ చేయించడం నేనెరుగుదును. లెక్చరర్ సుభాషిణి గారికి మాత్రం చీటీ అంటే ప్రాణం. "మొక్క అబద్ధం చెప్పదు, చీటీయే చెబుతుంది. చూసింది చూసినట్టు రాయండి, అందంగా లేకపోయినా సరే" అని ఏటా చెప్పేది. పిల్లలు ఆ మాట కూడా నోట్సులో రాసుకునేవారు. రాసుకుని, మళ్లీ సీనియర్ల దగ్గరికే పోయేవారు.

ఆవిడ రిటైరైన ఏడాదే కాలేజీలో బోటనీ ఉన్న గ్రూపే ఎత్తేశారు. వీడ్కోలు సభలో శాలువా కప్పారు, దండ వేశారు, గోడగడియారం ఇచ్చారు. మెట్ల కింద పడి ఉన్న నన్ను ఆవిడే అడిగి తీసుకుంది. మోకాళ్లు నొప్పులని మూలిగే మనిషి ఇంక కొండలెక్కుతుందా, నేనూ విశ్రాంతి తీసుకోవచ్చనుకున్నాను. మనుషుల గురించి నా అంచనాలు ఎప్పుడూ అంతే.

విశాఖ మన్యంలో కోడిమెట్ట అని ఒక కొండ ఉంది. దాని కింద బందవలస, ముప్పై రెండు గడపల ఊరు. కొండ నడుములో పుట్టిన ఊట నీరు, రాళ్లు పేర్చిన కాలువలో దిగి ఊరికి వస్తుంది. తాగడానికి అదే, వరికీ చోడికీ అదే. ఏటా తొలకరి జల్లులు పడి మట్టి మెత్తబడగానే, ఇంటికొకరు గునపం పట్టుకుని ఎక్కి, కాలువలో పడ్డ బండలు తీసి, మట్టి ఎత్తి వస్తారు. ఒక్క ఏడు మానేశారా, నీళ్లు కట్ట తెంచుకుని అవతలి లోయలోకి పోతాయి.

ఆ కొండను నల్లరాయి క్వారీకి అడిగారు. అడిగినవాళ్లు సర్వే చేయించి, చెప్పుకోదగిన మొక్క ఒక్కటీ లేదని రిపోర్టు ఇచ్చారు. మూడు వారాల్లో నిపుణుల కమిటీ వస్తుంది. ఆ లోపల అరుదైన మొక్కను పువ్వుతో సహా చూపిస్తే కొండ ఉంటుంది, లేకపోతే కొండా పోతుంది, ఊటా పోతుంది. పేపర్లో ఈ సంగతి చదివి సుభాషిణి గారు నన్ను దులిపింది. ఆవిడ వెంట సెల్‌ఫోన్ షాపు నడిపే యోగానంద్, ఇంకో నలుగురు పాత శిష్యులు వచ్చారు. ఒక్కరికీ జీతం లేదు. సెలవు పెట్టుకుని మరీ వచ్చి జలగల చేత కరిపించుకున్నారు.

ఆవిడ మనసులో ఉన్నది ఒకటే తీగ. ఎనభై ఏళ్ల కిందట ఈ కొండల్లోనే ఎవరో సేకరించారు, తర్వాత ఎవరికీ కనబడలేదు. ఏదో మ్యూజియంలో ఉన్న షీటు ఫోటో ఆవిడ ఫోన్లో ఉంది. ఊళ్లో ప్రతి ఇంటికీ పోయి ఆ ఫోటో చూపించింది. దారి చూపడానికి వచ్చిన వంతల చిలకమ్మకైతే రోజూ చూపించింది. చిలకమ్మ ఫోన్‌ను దగ్గరగా పట్టుకుని చూసి, "ఎరగనమ్మా" అని నన్ను నెత్తికెత్తుకుని ముందు నడిచేది.

పదకొండు రోజులు తిరిగారు. నాలో ముప్పై రకాల ఆకులు చేరాయి గానీ అన్నీ ఎక్కడపడితే అక్కడ దొరికేవే. పన్నెండో రోజు మధ్యాహ్నం ఊట దగ్గర అన్నాలు తిన్నారు. సుభాషిణి గారు రాతికి ఆనుకుని కూర్చుంది. ఇక దొరకదని ఆవిడకు అర్థమైపోయింది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. చిలకమ్మ బండల సందులో కర్రతో కెలికి, నిమ్మకాయంత దుంప లాగి, చీరకు తుడుచుకుని కొరికింది. మిగతా సగం యోగానంద్‌కు చాపింది.

"తిను బాబూ, కడుపులో సల్లగుంటాది."

దుంపకు తీగ వేలాడుతూనే ఉంది. తీగకు రెండు పువ్వులున్నాయి, కిరసనాయిలు బుడ్డి ఆకారంలో. సుభాషిణి గారు లేచిన తీరు చూస్తే మోకాళ్ల నొప్పులన్నీ అబద్ధమేమో అనిపించింది. యోగానంద్ నోటిదాకా పోయిన దుంపను లాక్కుంది.

"చిలకమ్మా, ఇదేమిటి?"

"బుడ్డితీగ. ఏటమ్మా, తినకూడదేటి?"

"దీని కోసమే కదా పన్నెండు రోజుల నుంచి తిరుగుతున్నాం! ఫోటో చూపించాను కదా నీకు!"

"అదా? అది సచ్చిపోనాది గదమ్మా. ఎండి నల్లబడిపోనాది. సచ్చినదాన్ని సూపెట్టి బతికున్నది ఎక్కడుందంటే నానేటి సెప్తాను? బుడ్డితీగని అడిగుంటే మొదటిరోజే తెచ్చీదాన్ని."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. నా తప్పూ కొంత ఉంది, ఒప్పుకుంటాను. మాలాంటి ప్రెస్సుల పుణ్యమా అని ఫోటోలో మొక్క అలా తయారైంది. బతికున్నదాన్ని చూసినవాళ్లు ఎండినదాన్ని ఆనవాలు పట్టలేరు, ఎండినదాన్ని చూసినవాళ్లకు బతికున్నది దొరకదు. సుభాషిణి గారు నవ్వింది, ఏడ్చింది, చిలకమ్మ చేతులు పట్టుకుంది. బండల సందులో ఇంకా ఎనిమిది తీగలున్నాయి. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. చిలకమ్మ కొరకగా మిగిలిన సగం దుంపే, దాని తీగే, ఆ రెండు పువ్వులే నాలోకి వచ్చాయి. నా పట్టీలు అంత గట్టిగా అంతకుముందు ఎవరూ బిగించలేదు.

ఆ సాయంత్రం ఆవిడ చీటీ రాసింది. కొండ పేరు, ఎత్తు, తారీఖు, తీగలు ఎన్ని. చివర, చూసింది చూసినట్టు, ఇంకో వాక్యం రాసింది: "దుంప తినదగినది, స్థానికులు తవ్వుకుని తింటారు, ఇందులో సగం మాకు దారి చూపినావిడ తిన్నారు." యోగానంద్ చదివి, "ఇది అవసరమా మేడం?" అన్నాడు. "పంటిగాట్లు కనబడుతూనే ఉన్నాయి కదయ్యా. రాయకపోతే ఎలుక కొరికిందనుకుంటారు" అంది.

కమిటీలోని పెద్దాయన భూతద్దంతో షీటును చూసి, పంటిగాట్ల దగ్గర ఆగి, చీటీ చదివి, బిగ్గరగా నవ్వాడు. తర్వాత లేచి నిలబడి మళ్లీ చూశాడు. ఒక తీగ కోసం కొండంత రాయి వదులుకోవాలా అని క్వారీ తరఫు మనిషి అడిగాడు. ఎనభై ఏళ్ల తర్వాత కనబడిందండీ అని పెద్దాయన అన్నాడు. నెల తిరక్కుండా క్వారీ కుదరదని కాగితం వచ్చింది. బందవలసలో మేకను కోశారు. ఆ పూట నన్ను అరుగు మీద పెట్టి బొట్టు పెట్టారు. నాకు ఇబ్బందిగా ఉన్నా బాగానే ఉంది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. వేసవిలో కొండ చుట్టూ అటవీశాఖ ముళ్లకంచె వచ్చింది, గేటు వచ్చింది, గేటుకు గార్డు వచ్చాడు. అరుదైన మొక్క ఉన్న చోటు కాబట్టి అనుమతి లేనిదే ఎవరూ ఎక్కకూడదు. తొలకరి పడింది. గునపాలతో వచ్చిన ముప్పై రెండు మందినీ గార్డు ఆపాడు.

"ఆ మొక్కని సూపించినది నానే బాబూ" అంది చిలకమ్మ.

"నాకేటి తెలుసప్పా. దుంపలు తవ్వీసి తినేస్తన్నారని రాసుందట. ఎవుల్నీ ఎక్కనివ్వొద్దన్నారు."

రాసింది ఎవరో మీకు తెలుసు. ఆ ఏడాది కాలువ తీయలేదు. శ్రావణానికి కట్ట తెగి నీళ్లన్నీ లోయలోకి పోయాయి. ఊళ్లో మడులు నెర్రెలు విచ్చాయి. ఆడవాళ్లు దిగువ గెడ్డవాగు నుంచి బిందెలు మోశారు. కబురు విని సుభాషిణి గారు వచ్చింది. ఎప్పటిలాగే చిలకమ్మ చెంబుతో నీళ్లిచ్చింది, కాకపోతే సగం చెంబే.

ఆవిడ అటవీశాఖ ఆఫీసు చుట్టూ తిరిగింది. ఆ వాక్యానికి అర్థం అది కాదని, వందల ఏళ్లుగా వాళ్లు తింటున్నా తీగ బతికే ఉందని చెప్పింది. మీ మొక్క కోసమే కదా మేడం ఇదంతా అన్నారు వాళ్లు, మర్యాదగానే. కాలువ తీసుకోవడానికి అనుమతి ఇచ్చే రూలు లేదు. మొక్కలు వెతికే స్వచ్ఛంద బృందానికి ఇచ్చే రూలు మాత్రం ఉంది, అదీ ఆ ఎనిమిది తీగలు కాక కొత్తవి కనబడి వెతకడం పూర్తయ్యేదాకానే. ఏటా రిపోర్టు ఇవ్వాలి. తగిన పరికరం వెంట ఉండాలి. ఆవిడ అప్పటికప్పుడే అర్జీ రాసింది. బృందం సభ్యులు ముప్పై రెండు మంది. పరికరం నేను.

ఇలా నేను బందవలసకు కాపురం వచ్చాను. ఏడాదిలో పదకొండు నెలలు చిలకమ్మ నాలో పొగాకు ఆరబెట్టుకుంటుంది. పట్టీలకు ఆ ఘాటు పట్టేసింది. తొలకరి రాగానే పొగాకు దులిపి, నన్ను నెత్తిన పెట్టుకుని, ఊరి ముందు నడుస్తుంది. వెనక గునపాలు, పారలు, తట్టలు. గార్డు రిజిస్టరు తెరిచి 'మొక్కల అన్వేషణ బృందం' అని రాసుకుని గేటు తీస్తాడు. మొక్కలు వెతకడానికి ఇన్ని గునపాలెందుకని ఒక్కసారీ అడగలేదు. అతని ఊరికీ ఒక కొండ ఉంది.

ఈ ఏడు సుభాషిణి గారు కూడా వచ్చింది. కొండ ఎక్కలేక గేటు దగ్గరే గార్డు కుర్చీలో కూర్చుంది. మేం ఎక్కాం. పొద్దు వాలేదాకా కాలువ తీశారు. నీళ్లు మట్టిరంగులో జారుతూ ఊరి వైపు తిరిగాయి. అప్పుడు చిలకమ్మ ఒక్కతే నన్ను పట్టుకుని బండల సందు దగ్గరికి వెళ్లింది. వంగి, చిగుళ్లను వేళ్ల మీద లెక్కపెట్టింది. ఇరవై మూడు. ఒక్కదాన్నీ ముట్టుకోకుండా దిగి వచ్చింది.

గేటు దగ్గర గార్డు రిజిస్టరులో ఆఖరి గడి పూర్తి చేయాలి. పక్కనే సుభాషిణి గారు ఆ ఏటి రిపోర్టు కాగితం ఒళ్లో పెట్టుకుని, కలం మూత తీసి కూర్చుంది. ఆవిడ చిలకమ్మ మొహం చూసి ఎన్నో కొన్ని పెరిగాయని గ్రహించినట్టుంది.

"ఏటప్పా, ఏటైనా దొరికినాదా?" అన్నాడు గార్డు.

"నేదు బాబూ. మళ్లీ ఏడు ఎతకాల."

గార్డు రాసుకున్నాడు. సుభాషిణి గారు కూడా తన కాగితం మీద, గుండ్రటి అక్షరాలతో, 'కొత్త తీగలు కనబడలేదు' అని రాసి సంతకం చేసింది.