రేపు రమ్మన్న తలుపు

నాలుగు నెలలుగా ప్రసూన తండ్రితో ఒక్క మాటా మాట్లాడలేదు. తొమ్మిదేళ్ల పిల్ల, మహా అయితే రెండు రోజులు అలుగుతుంది, మూడో రోజు ఐస్‌క్రీమ్‌కి లొంగుతుంది అనుకున్నాడు రామ్మోహన్. కొన్న ఐస్‌క్రీములన్నీ కరిగిపోయాయి. స్కూల్లో మాట్లాడుతుంది, పక్కింటి సీతాదేవి ఆంటీతో మాట్లాడుతుంది, ఆవిడ కుక్కతో అయితే గంటలకొద్దీ మాట్లాడుతుంది. తండ్రి గదిలోకి వస్తే మాత్రం నోటికి తాళం. తల్లి రత్నకుమారి పోయిన రోజు నుంచి ఇదే వరస.

అతను చెయ్యని ప్రయత్నం లేదు. బతిమాలాడు, కసిరాడు, ఆ పిల్ల కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నింటికీ పిచ్చెక్కుతుందని ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా ఆఫీసులు హడలిపోతుంటే, వాటిలో తేదీలు సరిదిద్దడం అతని ఉద్యోగం. ఊరందరి గండం గట్టెక్కించే ఆ మహానుభావుడికి ఇంట్లో పిల్ల చేత 'డాడీ' అనిపించుకోవడం చేతకాలేదు. ఇక ఈ జన్మకి ఇంతేనేమోనని స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేవాడు.

అందుకే శుక్రవారం ఫ్రిజ్ మీద స్కూలు కాగితం కనబడగానే ప్రాణం లేచొచ్చింది. ఆదివారం హాలోవీన్ అట, దెయ్యాల వేషాలేసుకునే పండగ. తమ ఇళ్లల్లో పెద్దలు చెప్పుకునే పాత దెయ్యం కథ ఒకటి పిల్లలు సోమవారం క్లాసులో చెప్పాలట. కింద ప్రసూన పెన్సిల్‌తో 'ప్లీజ్' అని రాసింది. ఆ ఏడాది మొదటిసారి అతను ఆదివారం ఆఫీసుకి వెళ్లలేదు.

ఎండాకాలం వస్తోందని ఆ దేశంలో గడియారాలన్నీ గంట ముందుకు జరిపిన రోజది. సాయంత్రం ఆరున్నరైనా వాళ్లుండే గంగాలిన్ శివారులో ఇంకా ఎండ కాస్తూనే ఉంది, దెయ్యాలకు బొత్తిగా కుదరని వేళ. ప్రసూన నోట్‌బుక్ పట్టుకుని సోఫా చివర ముడుచుకు కూర్చుంది. రామ్మోహన్ గుడివాడలో చిన్నప్పుడు విన్న కథ ఎత్తుకున్నాడు. ఒక ఆడదెయ్యం వీధి వీధీ తిరుగుతూ, ఏ ఇంటికొస్తే ఆ ఇంటి మనిషి గొంతుతోనే పిలుస్తుంది. పలికి తలుపు తీశారా, చచ్చారే. అందుకని జనం తలుపుల మీద బొగ్గుతో 'రేపు రా' అని రాసేవారు. దెయ్యం అది చదువుకుని వెళ్లిపోయేది. మర్నాడొచ్చి మళ్లీ అదే చదువుకునేది.

పెన్సిల్ ఆగింది. పిల్ల అతని ముఖంలోకి చూసింది. ఆశ వదులుకున్నవాడికి ఆ చూపే చాలు, ఊపొచ్చి దెయ్యంలా గొంతు సన్నం చేశాడు.

"ప్రసూనా... తలుపు తియ్యమ్మా..."

నోరు జారాక గాని తెలియలేదు. బజారు నుంచి సంచులతో వచ్చి, గుమ్మంలో నిలబడి రత్నకుమారి పిలిచే పిలుపు అది.

ప్రసూన ఏడవలేదు. "వై టుమారో?" అంది.

నాలుగు నెలల తర్వాత విన్న మాట. "రేపనేది ఎప్పటికీ రాదని పాపం దెయ్యానికి తెలీదమ్మా" అన్నాడు సంతోషం పట్టలేక.

"యూ సెడ్ ఇట్ టు అమ్మ. షీ హాడ్ ఎ హెడేక్. డాక్టర్ దగ్గరికి టుమారో అన్నావ్. త్రీ టైమ్స్."

ఆఫీసులో పని, గడువు, మామూలు తలనొప్పే అనుకోవడం, చుట్టాలందరికీ ఒప్పజెప్పిన సంజాయిషీలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. వాటిమీద అతనికే అసహ్యం వేసింది.

"అన్నానమ్మా. మూడుసార్లూ అన్నాను. తప్పు నాదే."

ప్రసూన లేచి వెళ్లి వీధి తలుపు బార్లా తీసింది. ఎదురుగా సగం కట్టిన ఇళ్ల ముందు నుంచి, దెయ్యాల వేషానికి దుప్పట్లు కప్పుకున్న ఇద్దరు పిల్లలు పోతున్నారు. "డూ అమ్మ అగైన్, డాడీ" అంది.

దెయ్యం కథంటే భయమేననుకున్నాడు ఇన్నేళ్లూ. పోయినవాళ్లు ఒక్కసారైనా గుమ్మందాకా వస్తారన్న ఆశ కోసం కూడా వింటారని ఆ పిల్ల ముఖం చూశాక తెలిసింది. పిలవబోయాడు. పిలుపుకు బదులు ఏడుపొచ్చింది.

"నాట్ లైక్ దట్" అంది ప్రసూన. తండ్రి పక్కన కూర్చుని, ఎన్నడూ నాలుగు తెలుగు ముక్కలు కలిపి మాట్లాడని పిల్ల, అచ్చంగా రత్నకుమారి గొంతుతో, ఆ గుడివాడ సాగదీతతో పిలిచింది.

"ఏవండీ... తలుపు తియ్యండీ..."

"తీసే ఉంది రత్నా, లోపలికి రా" అన్నాడు రామ్మోహన్.