ఊడ్చి పోసిన గింజలు

ఎనిమిదో తొట్టి చుట్టూ ఊడ్చేసరికి చీపురక్కకు ఆయాసం వచ్చింది. చీపురు కర్ర మీద గడ్డం ఆనించి, నలుగురూ చూడకుండా నాలుగు ఊపిర్లు పీల్చుకుని, తొమ్మిదో తొట్టి మొదలుపెట్టింది. చూడ్డానికి అక్కడ నలుగురెక్కడున్నారు, పిచ్చుకలు తప్ప! పొట్టి మనిషి. కుడిభుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి వాలి ఉంటుంది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఒకే వైపు ఊడిస్తే అంతే మరి. విత్తనాల పరిశోధన కేంద్రంలో ఆమె అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ పన్నెండు సిమెంటు తొట్లలో ఉన్నది అడవి వరి. ఎవరూ దున్నకుండా, నాటకుండా తనంతట తాను పండి, గింజ రాల్చుకుని మళ్ళీ మొలిచే వరి. ఎప్పుడో పోయిన పెద్దసారు దాన్నొక చిత్తడినేల నుంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆ చిత్తడిని తర్వాత పూడ్చి మేడలు కట్టేశారు. ఆ వరి ఇక ఈ తొట్లలోనే మిగిలింది. పెద్దసారు చెప్పిన నియమం ఒక్కటే: "వరి వెన్ను మీదున్నదే విత్తనం. కింద పడ్డది ముట్టుకోకు, పక్క మళ్ళ గింజలు కలిసిపోతాయి." ఆమెకది శిలాశాసనం. రాలినవన్నీ ఊడ్చి వెనక గోడ మీదుగా అవతలికి విసిరేసేది. వెన్ను మీద మిగిలినవాటిని కోసి మరుసటేడు నాటేది.

మొదట్లో ఆ వరి ఒట్టి మొండిఘటం. గింజలు వేస్తే సగం ఈ ఏడు, సగం పైయేడు మొలిచేవి. పొట్టు మీది ముళ్ళు చేతుల్ని గీరేసేవి. రానురాను అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి మొలవసాగాయి, ముళ్ళు పొట్టివైపోయాయి. "బుద్ధొచ్చింది నా బంగారాలకి" అని మురిసిపోయేది. ఆ మురిపెం పంచుకోడానికి ఇంకో మనిషి లేదు. పెళ్ళి కాలేదు, అమ్మ పోయాక కేంద్రం వెనక గదే ఇల్లయింది. ఒక మంచం, ఒక దిండు, ఒక కంచం. చెల్లెలు నెలకోసారి ఫోన్ చేసి "వచ్చెయ్యవే అక్కా" అంటుంది. "ఈ కోత కానీవే" అంటుంది ఈమె. అలా ముప్ఫయ్యొక్క కోతలయ్యాయి.

ఇవాళ పదకొండు గంటలకు కొత్త మేడమ్ పరీక్ష చేస్తుంది. తడితే గింజ రాలాలి. రాలితేనే అది అడవి వరి, తొట్లు ఉంటాయి. లేకపోతే తీసేస్తారు. తొట్లు లేని చోట చీపురక్క మాత్రం ఎందుకు? ఆ మాట ఎవరూ అనలేదు గానీ, తెలుసుకోలేనంత అమాయకురాలు కాదామె.

మేడమ్ తెల్ల కాగితం పరిచి, ఒక్కొక్క వెన్నునూ వేలితో మూడేసి సార్లు తట్టింది. నాలుగో తొట్టిలో ఒక తాలుగింజ పడింది. అంతే. పన్నెండో తొట్టి దాకా కాగితం తెల్లగానే ఉంది.

"ఎప్పట్నుంచి రాలడం లేదక్కా?"

"పదేళ్ళ పైమాటేనమ్మా. బాగా పెంచాననుకున్నా."

"మునుపు రాలినవేం చేసేవారు?"

"ఊడ్చి పారబోసేదాన్ని. పెద్దసారు చెప్పారు."

మేడమ్ తొట్టి అంచు మీద కూలబడింది. "తప్పు మీది కాదక్కా. రాలే గుణం ఉన్నవన్నీ చీపురుతో పోయాయి. పట్టుకు వేలాడేవే మీ చేతికి దొరికాయి, వాటినే నాటారు. వాటి పిల్లలకీ అదే గుణం. వేల ఏళ్ళ కిందట మొదట వరి నాటినవాళ్ళు కూడా ఇలాగే, తెలీకుండానే, దాన్ని ఇంటి పంట చేశారు. వెన్నుకి ఒక్క సంచి కట్టి ఉంటే రాలినవీ దక్కేవి."

"అయితే ఇక అడవిది కాదా అమ్మా?"

"కాదక్కా. ఇప్పుడిది మనిషి చెయ్యి పడకపోతే బతకదు."

చీపురక్క అక్కడ ఏడవలేదు. గదికెళ్ళి మంచం మీద కూర్చుంది, కంచం తీయలేదు. కంటికి రెప్పలా కాచానే, ఆ కాపే దాని కొంప ముంచిందా అనుకుంది. చెల్లెలు పద్దెనిమిదేళ్ళకే పోట్లాడి ఇల్లు వదిలింది. ఎక్కడో పడింది, అక్కడే మొలిచింది, ముగ్గురు పిల్లల తల్లయింది. అమ్మ చేతికి దొరికింది తను. అప్పుడొచ్చింది ఏడుపు.

ఏడ్చినా పొద్దుటి చెత్త పారబొయ్యాలి కదా. సాయంత్రం బుట్ట ఎత్తి గోడ మీదుగా విసరబోతే చేతిలో సత్తువ చాలక బుట్టకు బుట్టే అవతల పడింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, ఇన్నేళ్ళలో ఒక్కనాడూ ఆమె గోడ అవతలికి తొంగిచూసిన పాపాన పోలేదు. గోడ పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్ళింది.

మురుగుకాలవ గట్టున నడుమెత్తు వరి. ఎర్రటి పొడుగాటి ముళ్ళు. చెయ్యి ఇంకా పూర్తిగా ఆనకముందే గింజలు జలజలా రాలాయి. ఒక ముల్లు వేలిని గీరింది.

"ఇక్కడున్నావటే, మొండిఘటమా!" నవ్వింది. ఆ నవ్వు ఆమెకే కొత్తగా వినిపించింది.

మేడమ్ వెళ్ళిపోయింది. గింజలేమో గాలికి నీళ్ళలో పడిపోతున్నాయి. గదికెళ్ళి, సంచి దొరక్క, దిండు గలీబు ఊడదీసి తెచ్చింది. నీలం పూలు వెలిసిపోయిన గలీబు. గుప్పెడు వెన్నులకు తొడిగి, దారంతో కట్టింది. గాలి ఆడాలని వేలు దూరేంత వదులుగా. ఎడమ చెయ్యి లాగింది. గోడకు ఆనుకుని కూర్చుంది.

డ్యూటీ దిగిపోతున్న వాచ్‌మన్ చూశాడు. "ఏంటక్కా, ఇక్కడ కూర్చున్నావు?"

"కాస్త గాలికి. రేపు మేడమ్ రాగానే ఇక్కడికి తీసుకురా. మర్చిపోకు."

అతను మర్చిపోలేదు. పొద్దున్నే వాళ్ళిద్దరూ వచ్చేసరికి ఆమె అలాగే గోడకు తల ఆనించి ఉంది. వేలి మీద గీత ఎండిపోయింది. మేడమ్ "అక్కా" అని రెండుసార్లు పిలిచి, మూడోసారి పిలవలేదు.

చెల్లెలు వచ్చింది. గదిలో గలీబు లేని దిండును చూసి, దాన్నే గుండెకు హత్తుకుని ఏడ్చింది. ఆ వారంలోనే తొట్లు తీసేశారు.

కాలవ గట్టున మాత్రం మేడమ్ ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. అక్కడ వదులు ముడి విప్పకుండా అలాగే వేలాడుతున్న నీలం పూల గలీబు, వాటంతటవే రాలిన గింజల బరువుకు ఒక మూల కిందికి సాగింది.