తప్పు దొరకని వరస

కట్టెలు పేర్చడం కూడా ఒక విద్యేనా అని మూతి విరిచేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లు ఒక్కసారి పెద్దాయన కట్టెల అడితికి వచ్చి చూసి ఉండాల్సింది. దుంగలు నేలకు తగలకుండా అడుగున దిమ్మలు, రెండు కొసల్లోనూ అడ్డం నిలువుగా పేర్చిన గూళ్లు, మధ్యలో గాలి ఆడే సందులు. పచ్చి కట్టె ఒక పక్క, ఏడాది ఆరిన కట్టె ఇంకో పక్క. ముందొచ్చింది ముందు పోవాలి, తీసేదేదో పైనుంచే తీయాలి. ఆయన చేతి వరస మీద మనిషి ఎక్కి నడిచినా అది కదిలేది కాదు.

అలాంటి వరస ఏడు నెలల క్రితం కూలి ఆయన తమ్ముడి ప్రాణం తీసింది.

అప్పటినుంచి ఆయన పేర్చడం మానేసి విప్పడం పట్టుకున్నాడు. తన చేతిలోనే ఎక్కడో తప్పుందని ఒక్కో వరసా కట్టె కట్టె తీసి చూసేవాడు. దొరికేది కాదు. ఇంకోటి విప్పేవాడు. అడితంతా గుట్టలు పడింది, అడుగు కట్టెకు బూజు పట్టింది, బేకరీవాళ్లు ఇంకో చోటు చూసుకున్నారు. ఆయనకు చీమ కుట్టినట్టైనా లేదు.

తప్పు ఎక్కడుందో ఆయన భార్యకు తెలుసు.

వరస కూలిన రోజు పొద్దున వానకు పై కట్టె తడిసింది. పొడి కట్టె కావాలని బేకరీ బండివాడు గుమ్మంలో నిలబడి ప్రాణం తీశాడు. ఆవిడ వరస నడుములోంచి నాలుగు దుంగలు లాగి ఇచ్చేసింది. మధ్యాహ్నం ఆయనకు చెబితే సర్దుతాడులే అనుకుంది. వరస మధ్యాహ్నందాకా ఆగలేదు. అంతలోనే మరిది అటుగా నడిచాడు.

చెబుదామని వచ్చినప్పుడల్లా అన్నం వడ్డించి వెళ్లిపోయేది. ఇవాళ మిగిలిన ఒక్క వరస విప్పడానికి ఆయన లేచేసరికి ఇక ఉండలేక అడ్డం వెళ్లింది.

"విప్పకండి. దాంట్లోనూ ఏం దొరకదు."

"నీకేం తెలుసు?"

"నేనే లాగానండీ. నడుములోంచి నాలుగు. బేకరీ బండికి."

ఆయన ఆ వరస మీద చెయ్యి వేశాడు.

"అయితే నా వరస నిలిచేదేనా?"

"నిలిచేదే."

తమ్ముడు పోయిన రోజు కూడా కంట చుక్క రాని మనిషి, కట్టెల మీద కూలబడి బావురుమన్నాడు. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. పిచ్చిది, అక్కడితో తీరిపోయిందనుకుంది.

ఆయన మొహం తుడుచుకున్నాడు.

"నేను రోజూ విప్పుతుంటే, నువ్వు నాకు అన్నం పెడుతూ చూస్తూ ఊరుకున్నావు."

ఆవిడ తల వంచుకుంది. "అత్తయ్యకి నేనే చెప్తాను. ఇప్పుడే వెళ్తాను."

"వద్దు. తప్పు నాదేనని అమ్మ కాళ్ల మీద పడ్డాను. ఇన్నాళ్లకి నిన్న నాతో మాట్లాడింది. కొడుకుని కాబట్టి ఏడు నెలల్లో సరిపెట్టుకుంది. నిన్ను క్షమించేంత ఆయుష్షు ఆవిడకి లేదు. ఆ తప్పు నా మీదే ఉండనీ."

"మరి మీరు?"

"నన్నడక్కు," అని ఆయన వంగి గుట్టలోంచి ఒక దుంగ తీసి దిమ్మల మీద పేర్చాడు.