పీటల మీది రాజులు

మా వదిన ఐలవ్వ బొట్టు తియ్యలేదు.

మా అన్న మొగిలి, ఆయన దోస్తు సదయ్య పాత బొగ్గుబాయిల డ్యూటీ మీద ఉన్నప్పుడు పైకప్పు కూలింది. పీనుగులు దొరకలే. ఆ దిక్కు గోడ కట్టి మూసిర్రు. అన్న కొడుకు భూపాల్ అప్పుడు పాలు తాగే పిల్లగాడు.

"నేను కండ్లతోటి చూడలే. చూడంది ఎట్ల నమ్మాలె?" అన్నది వదిన.

రోజూ మాపటి బువ్వ యాళ్లకు అన్న పీట ఏసి కంచం పెడతది. తెల్లారి ఆ అన్నం కోళ్లకు ఏస్తది. పెద్దల పండుగ పెత్రమాసనాడు మా ఇంట్ల సచ్చినోళ్లందరి పేరు మీద బియ్యం ఇస్తది. అన్న పేరు మాత్రం తియ్యది. సెంటినరీ కాలనీల ఆమెను పిచ్చిదంటరు. నేనేమనలే. నేను ఎక్కువ మాట్లాడ.

భూపాల్ బిడ్డ సహస్ర తొమ్మిది చదువుతది. బడిల ఉపన్యాసం చెప్పాలెనని సముద్రాల అవతల దేశమేలిన ఇన్కా రాజుల ముచ్చట కంఠతా పడుతుండె. నేను, వదిన గడపల కూసోని వింటున్నం.

"రాజు సచ్చిపోతే పాతిపెట్టరు. పీనుగును ఎండబెట్టి ఆయన ఇంట్లనే కూసుండబెడతరు. బట్టలు మారుస్తరు, ఈగలు తోలుతరు, బువ్వ పెడతరు. పండుగనాడు సచ్చిన రాజులందరిని వరుసగ తెచ్చి మక్కల కల్లు పోస్తరు."

"మక్కలతోటి కల్లా?" అని అడిగిన నేను.

"ఇంత చెప్తే తాతకు గదొక్కటే ఇనవడ్డది," అన్నది సహస్ర.

వదిన నవ్వలే. "చూసినవా ఎల్లేశం? నన్ను పిచ్చిదంటిరి. గా దేశంల రాజుల ఇండ్లల్లనే ఉన్నది."

"వాళ్లు సచ్చిర్రని ఎరికుండే పెట్టిర్రు వదినా."

వదిన మొఖం తిప్పుకున్నది. సహస్ర మిగిలింది చదివింది. స్పెయిన్ దొరలు వస్తే జనం ఆ రాజులను ఒకరింటి నుంచి ఒకరింటికి మార్చి దాచిపెట్టిర్రట. ఆఖరికి ఒక దొర ఎతికి పట్టుకున్నడు. తెల్లబట్ట కప్పి తీసుకపోతుంటే తొవ్వ పొంటి జనం మోకాళ్ల మీద పడి ఏడ్సిర్రట. లిమా పట్నంల ఒక దవాఖాన ఆవరణల పాతిపెట్టిర్రంటరు. ఇప్పటోళ్లు అక్కడ తవ్వి చూసిర్రు, దొరకలే.

"దొరకకుంటేనే మంచిది," అన్నది వదిన.

ఓపెన్‌కాస్ట్ గని మీదికెళ్లి తవ్వుకుంట తవ్వుకుంట అన్న పోయిన పాత బాయి దాకా వచ్చింది. భూపాల్ అండ్లనే మట్టి తోడే షవల్ మిషిని నడుపుతడు. పెత్రమాస వారం ఉందనంగ పొద్దటి షిఫ్టుల మిషిని ఆపి నాకు ఫోన్ చేసిండు.

"కాకా, మనిషి బొక్కలు బయటపడ్డయ్. ఒక్కరియే. మా అవ్వను తీస్కరా."

"నువ్వు చెప్పరాదు?"

"నాతోటి కాదు కాకా. నా బకెట్ పండ్లు తగిలినయ్ వాటికి."

మేం పోయేసరికి సదయ్య భార్య సారవ్వ వచ్చి ఉన్నది. ఆమెకు పిల్లలు లేరు. బొట్టు అప్పుడే తీసింది గాని, గోదారిల కలుపుదామంటే చారెడు బూడిద దొరకలేదని ఇన్నేండ్లు కుములుతున్నది.

"పరీక్షకు పంపుతే నెలలు పడతది. ఎవరన్న గుర్తుపడితే జల్ది ఇప్పిస్తం," అన్నడు ఆఫీసరు. బొక్కల మీది బట్ట తీసిర్రు.

ఎడమ చెయ్యి బొక్క చూసిన. చిన్నప్పుడు ఎడ్లబండి మీదికెళ్లి పడి అన్న చెయ్యి విరిగింది. వంకరగ అతికింది. ఆ వంకర అట్లనే ఉన్నది.

వదిన వంగి ఆ వంకర మీద వేలు పెట్టింది. చాలసేపు తియ్యలే. ఆ చెయ్యి నాకంటె ఆమెకే ఎక్కువ ఎరుక.

"ఆయన కాదు," అన్నది.

భూపాల్ నా దిక్కు చూసిండు. "కాకా?"

నోరు తెరిచిన. అప్పటికే సారవ్వ కూలబడ్డది. "వచ్చినవా సదయ్యా, ఇన్నేండ్లకు వచ్చినవా," అని మట్టి పట్టుకొని ఏడుస్తున్నది. నోరు మూసుకున్న.

తెల్లబట్ట కప్పి తీసుకపోతుంటే షిఫ్టోళ్లందరు తలకాయల మీది టోపీలు తీసిర్రు.

గోదారి ఒడ్డుకు నేను, వదిన కూడ పోయినం. పంతులు సదయ్య పేరు, వాళ్ల నాయిన పేరు చదువుతుంటే అన్న పేరు, మా బాపు పేరు నా నోటి దాకా వచ్చి ఆగినయ్.

మర్లి వచ్చేటప్పుడు అడిగిన. "వదినా, చెయ్యి చూసినవు గదా."

"చూసిన."

"మరి?"

"సారవ్వకు ఏడ్సెటందుకు మనిషి దొరికిండు. నాకు ఎదురుసూసెటందుకు మనిషి మిగిలిండు. నీకేం పోయింది?"

"అన్న పేరు మీద బియ్యం ఎవరిస్తరు?"

వదిన బస్సు దిగేదాక కిటికిలకెళ్లే చూసింది.

పెత్రమాసనాడు అందరి పేర్లు అయినంక ఇంకో దోసెడు బియ్యం తీసింది. పట్టుకొని నిలవడ్డది. పెదవులు కదిలినయ్. పేరు రాలే. మళ్ల గంపల పోసింది.

భూపాల్ అదే జాగకు డ్యూటీకి పోతున్నడు. ఇంటికి రాంగనే వదిన అడుగుతది. "ఇయ్యాల ఏమన్న బయటపడ్డదా?"

"లేదవ్వా."

అప్పుడు పీట ఏస్తది. సదయ్య ఇంకా ఆ మట్టిలనే ఉన్నడు. ఆయన బయటపడ్డనాడు ఎవరింటికి తీస్కపోవాలెనో నాకు తెలుస్తలేదు.