పొడపత్రి నమిలిన రాజావారు

శ్రావణమాసము. రాత్రియెల్ల కురిసి కురిసి యలసిన నీలమేఘమాలికలు తూర్పుకొండల శిఖరములపై మేను వాల్చి తెల్లవాఱినను లేవకుండెను. నాగావళీనది క్రొత్తనీటి యెఱ్ఱదనముతో గట్టులనొరసికొనుచు గంభీరఘోషముతో బ్రవహించుచుండెను. నాచుపట్టిన కోటగోడల రాళ్లనుండి వాననీరు బొట్టుబొట్టుగా రాలుచుండ పొగడచెట్లక్రింది తడినేలయంతయు రాలిన పూవులతో పరిమళించుచుండెను. సకలప్రకృతియు నిట్లు నెమ్మదిగా నూపిరి పుచ్చుకొనుచున్న యా ప్రభాతమున వేదురువలస సంస్థానమునందు నెమ్మది యననేమో యెఱుగని ప్రాణి యొక్కటియే యుండెను. ఆ ప్రాణియే సంస్థానాధీశ్వరులగు శ్రీ జగ్గరాజుగారు.

ఈ రాజావారు దానమునందు ధారాళులు, శౌర్యమునందు నిస్సందేహులు, భార్యాపుత్రికలయందు ప్రేమగలవారు. ఇన్ని సుగుణములు పెట్టిన విధాత యెదుటివాని మాట తుదముట్ట వినునట్టి యోపికను మాత్రము పెట్ట మఱచెను. ఎద్దు ఈనెననిన దూడను గట్టివేయుమను సామెత వారిని జూచియే పుట్టినదని దివాణమున నందఱును చాటుగా నవ్వుకొనుచుందురు. ఒకప్పుడు పూదోటలో పాము గనబడెనని తోటమాలి చెప్పబోవగా, అది విషములేని నీరుకట్టెయని వాడు ముగింపకమున్నే రాజావారు తోటనెల్ల నఱికించిరి. మల్లెలు పోయినవి గాని నీరుకట్టె కొలనిలోనికి జాఱి నేటికిని సుఖముగానున్నది. ఇట్టివారి కథ చెప్పుట యెంత విసుగో చెప్పువారికే తెలియును.

ఆ దినమున వారి యేకైకపుత్రిక సుభద్రాయమ్మకు నిశ్చయతాంబూలము. నదికావలనున్న కలువపాడు భద్రిరాజుగారి కుమారుడు వరుడు. ఒక బంధువుల యింట పెండ్లిలో నాతని దూరమునుండి చూచినది మొదలు సుభద్రాయమ్మ మనసు నిలుకడగా నాతనియందే యుండెను. ఈ సంగతి తల్లియైన అచ్చియమ్మగారు కూతురి కన్నులలో జదివికొనిరి. అంతకుముందు వచ్చిన సంబంధములను రాజావారు ఒకడు మెల్లగా నడచెననియు, ఒకడు సభలో తుమ్మెననియు త్రోసిపుచ్చిరి. ఇదియైనను నిలుచునా యని యా తల్లికూతుండ్రిద్దఱును భయముతోనే యుండిరి.

ఉదయముననే యాస్థానవైద్యులు మృత్యుంజయశాస్త్రిగారు రాజావారి మధుమేహమునకు పొడపత్రి యాకులు గొనివచ్చి యందించి, "ప్రభువులు వీనిని నమిలిన పిమ్మట కొంతతడవు..." అనునంతలోనే రాజావారు గుప్పెడాకులు నోట వేసికొని, "తెలిసినది లెండు శాస్త్రులుగారూ, నమిలెదను" అని లేచిపోయిరి. శాస్త్రిగారి నోట మిగిలిన మాట యేమనగా, పొడపత్రి నమిలిన నాలుకకు కొంతసేపు తీపి యన్నది తెలియదు, చక్కెర పోసినను ఇసుకవలెనే యుండును. ఈ రహస్యము శాస్త్రిగారెఱుగుదురు, ఇప్పుడు పాఠకుడును ఎఱుగును. ఎఱుగవలసిన మహానుభావుడు మాత్రము పట్టుతలపాగ చుట్టుకొని సభకు దయచేసెను.

ఆ రాజకుటుంబములలో నొక యాచారము గలదు. తాంబూలములు మార్చుకొనుటకు ముందు వరుని తండ్రి తన యింట వండించి తెచ్చిన పరమాన్నమును కన్యాదాతకు స్వహస్తముతో నందింపవలెను. కన్యాదాత రుచిచూచి "తీయనైనది" యని సభలో బలుకవలెను. ఆ మాట వెలువడినచో సంబంధము కుదిరినట్లే.

భద్రిరాజుగారు మితభాషి. వెండిగిన్నెపై గప్పిన పట్టుగుడ్డ తొలగించి, "పుచ్చుకొనుడు బావగారూ. మా అమ్మ కన్నులు సరిగా కానరాకున్నను మడిగట్టుకొని తన చేతులతో వండినది" అని వినయముగా నందించిరి.

రాజావారు నోట బెట్టుకొనిరి. కనుబొమలు ముడివడెను. మఱల నొకమాఱు నాలుక తిప్పి చూచిరి. ఇంకొక్క క్షణమాగి యెవరినైన నొక్కమాట యడిగియున్నచో నీ కథయే లేకపోయెడిది. కాని యా క్షణమే వారియొద్ద నెన్నడును ఉండదు.

"మా యింట నెవరైన జచ్చిరా? మైలవానికి బెట్టినట్లు చప్పిడికూడు బెట్టుటకా నది దాటి వచ్చితిరి?" అని గర్జించుచు లేచిరి.

భద్రిరాజుగారు గిన్నెనుండి తామును కొంచెము రుచిచూచి, "బావగారూ, తీయగానే యున్నది. కొంచెము తాళుడు. మీవారిలో నెవరికైన రుచి చూపుదము" అనిరి.

"అనగా నేనబద్ధమాడుచుంటిననియా?"

శాస్త్రిగారు లేచి "ప్రభూ, ఆ యాకు..." అనబోవగా, "ఆకులును ఎత్తివేయుడు! వీరికి మా యింట భోజనము లేదు, పిల్లయు లేదు!" అని రాజావారు ఆజ్ఞాపించిరి. పాపము, బంతులలో వేసిన యరటియాకులన్నియు నిజముగానే యెత్తివేయబడెను. భద్రిరాజుగారు గిన్నెపై గుడ్డ యథాప్రకారము గప్పి, "మా అమ్మకేమని చెప్పుదునో" అని మాత్రమని పరివారముతో వెడలిపోయిరి. తెరవెనుక సుభద్రాయమ్మ నోట చీరకొంగు గ్రుక్కుకొని యేడ్చెను. ఆ పిల్ల యేడ్పు తల్లికి దక్క నెవరికిని వినబడలేదు.

పిమ్మట శాస్త్రిగారు ప్రాణములకు దెగించి సంగతి విన్నవించిరి. రాజావారు నమ్మలేదు. అచ్చియమ్మగారు కొట్టునుండి బెల్లపుముక్క దెచ్చి యిచ్చిరి. రాజావారు కొఱికి చూచి, "ఇది బెల్లమా మన్నా? మన వంటవాడు గూడ మోసగాడేనన్నమాట! వానిని పిలువుడు!" అనిరి.

అచ్చియమ్మగారికి ఓర్పు పూర్తిగా నశించెను. "మీ నాలుక దప్ప లోకమంతయు దొంగయే గాబోలు! బిడ్డ బ్రదుకు గంగపాలు చేసితిరి. ఇకనైన నోరు మూసికొని కొంచెముసేపు కూర్చుండుడు!" అనిరి.

అట్టి మాట జన్మమున విని యెఱుగని రాజావారు దిగ్భ్రమచే గూర్చుండిరి. కూర్చుండిన యంతసేపును బెల్లపుముక్క నోటనే యుండెను. కొంతతడవునకు నాలుక కొననుండి తీపి మెల్లగా నూరసాగెను. రాజావారి ముఖము నల్లబడెను. తీపి తగిలినకొలది వారికి సిగ్గు హెచ్చెను.

అంతట నేమి చేసిరి? ఆలోచించిరా? లేదు. చెప్పులైన దొడుగక బురదలో బడి రేవునకు బరుగెత్తిరి. నది యుద్ధృతి తగ్గువఱకు పడవ కదలదని సరంగులు చెప్పుటచే కలువపాడువారు రేవుసత్రముననే యుండిరి.

"లెండు బావగారూ, లెండు! తప్పు నాది. ముహూర్తము మించలేదు, తాంబూలములు సిద్ధముగానున్నవి. ఆలసింపక నడువుడు!" అని రాజావారు రొప్పుచు బలికిరి. తప్పొప్పుకొనుటయందును వారిది యాజ్ఞయే.

భద్రిరాజుగారు వారికి దమ పీట నిచ్చి కూర్చుండబెట్టి, పొడపత్రి సంగతి సావధానముగా విని, "మీయందు నాకు కోపము లేదు" అనిరి. "కాని బావగారూ, తొందరపడి త్రెంచినదానిని తొందరపడియే ముడివేయుదమా? ఏఱు తగ్గినతోడనే యిల్లు చేరి మా అబ్బాయి మనసు నేనడిగి తెలిసికొందును. మీ అమ్మాయిని మీరడుగుడు. రేపు ఉదయమున నిద్దఱును వలెననినచో మా అమ్మ పరమాన్నము మఱల వండును."

"అమ్మాయి నడుగుటయా!" అనిరి రాజావారు. నిజమునకు ఆ యూహ వారికి నేటివఱకును దట్టలేదు.

కోటకు వచ్చినతోడనే తిన్నగా నంతఃపురమునకు బోయి, "తల్లీ, నీకీ సంబంధ మిష్టమేనా? ఇప్పుడే చెప్పుము" అనిరి.

సుభద్రాయమ్మ కన్నులింకను ఎఱ్ఱగనే యుండెను. ఉత్తరము నాలుక చివరనే యున్నను ఆమె తల వంచి, "రేపు చెప్పెదను నాయనగారూ" అనెను.

"రేపా!" అని కేకవేయబోయి రాజావారు భార్య ముఖము జూచి యాగిరి.

మఱునాడు వాన వెలసెను. కూతురి గది వాకిట రాజావారు గోళ్లు కొఱుకుకొనుచు నిలుచుండిరి. పిలువలేదు, తలుపు దట్టలేదు. ఆ మాత్రమునకే వారికి చెమటలు పట్టెను. తుదకు తలుపు తెఱచుకొని సుభద్రాయమ్మ వెలుపలికి వచ్చెను.

"నాయనగారూ, ఆ సంబంధము..." అని యామె యూపిరి పీల్చుకొనుటకై యాగెను. రాజావారి పెదవులు కదలినవి, కంఠము కదలినది, అయినను మాట బయలుపడలేదు.

"...నాకిష్టమే. నిన్న సభకు బోవుటకు ముందడిగినను ఇదియే చెప్పియుందును. మీరడుగలేదు."

జన్మమున మొదటిసారి తొందరపడని వేళ రాజావారికి చెప్పవలసినదేమియు మిగులలేదు. కూతురి తలపై జేయి యుంచి, నిన్నటినుండి యెండిపోయియున్న యా చిన్నముఖమును తనివితీర జూచుచు చాలసేపట్లే నిలువబడిరి.